సున్నాకి ఎడమవైపు

నవంబర్ 3

అక్క రాసిన చీటీ ఇవాళ తెచ్చాను. లైబ్రరీలో రీడింగ్ టేబుల్ మీద పందొమ్మిదేళ్ళు అంటుకుని ఉన్న చీటీ. "నిదానంగా చదవండి. తొందర లేదు." అంతే. కొత్త లైబ్రేరియన్ అమ్మాయి బ్లేడుతో గీరి, చిరగకుండా తీసి కవర్లో పెట్టి ఇచ్చింది. గదికి రంగులు వేస్తున్నారట, ముప్పయ్యో తారీకున మళ్ళీ తెరుస్తారట. అక్క లైబ్రేరియన్‌గా కూర్చున్న చోట గోడకి ఇత్తడి పలక పెడదామనుకుంటున్నారట. మేడమ్ రాతలోనే ఉంటే బావుంటుంది సార్, మీ దగ్గర మిషనుందట కదా అంది. ఉంది అన్నాను. గొప్పగా.

అక్క పోయి నాలుగు నెలలు. అక్కడ ఆ కుర్చీ ఇంకా అలాగే ఉంది. దాని వైపు చూడకుండా బయటపడ్డాను.

బావకి చీటీ చూపించాను. ముట్టుకోలేదు. నలభై ఏళ్ళు లేత్ మీద ఇనుము కోసిన టర్నరు, పెళ్ళాం రాసిన అరచేతంత కాగితానికి భయపడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని చదివాడు. ఎప్పుడు మొదలెడదాం అన్నాడు.

నవంబర్ 5

నా రిపేరు షాపు వెనక గదిలో నేనూ బావా రెండేళ్ళు పట్టి కట్టుకున్న సీఎన్‌సీ ఉంది, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మిషను. కరెంటు నాది, ఇనుము ఆయనది. ఇన్నాళ్ళూ ప్లైవుడ్ మీద పువ్వులు చెక్కడం తప్ప అది వెలగబెట్టిందేం లేదు. మా ఆవిడ దాన్ని ముసలి పిల్లల ఆటబొమ్మ అంటుంది.

చీటీని స్కాన్ చేసి, ఐదింతలు పెద్దది చేసి, ప్లైవుడ్ మీద ట్రయల్ కొట్టాం. తెలుగు అక్షరాలన్నీ గుండ్రనివే, మా మిషనుకి గుండ్రం గిట్టదు. మూడు సున్నాలున్నాయి ఆ వాక్యంలో. మూడూ నాలుగేసి చోట్ల ఎలుక కొరికినట్టు వచ్చాయి. పైన, కింద, కుడి, ఎడమ.

బావ చూసి ఒకటే మాటన్నాడు. బ్యాక్‌లాష్.

నవంబర్ 6

డయల్ గేజ్ పెట్టి కొలిచాం. 0.32 మిల్లీమీటర్లు. సిగ్గుపడాల్సిన లెక్క.

మోటారు లీడ్ స్క్రూని తిప్పుతుంది, స్క్రూ మీద నట్టు నడుస్తుంది, నట్టు బల్లని లాగుతుంది. ఒకే వైపు పోతున్నంతసేపూ బాగానే ఉంటుంది. దిశ మారిందా, నట్టుకీ స్క్రూకీ మధ్య ఉన్న ఆ కాస్త ఖాళీలో స్క్రూ ఉత్తినే తిరుగుతుంది. బల్ల కదలదు. వదులు చెప్పులేసుకుని వెనక్కి తిరిగితే కాలు ముందు తిరిగి చెప్పు తర్వాత వచ్చినట్టు. కంప్యూటర్ మాత్రం వచ్చేశాననుకుంటుంది. బావ ఈ మిషనుకి అల్లుడుగారని పేరు పెట్టింది ఇందుకే. బయల్దేరానంటాడు, గుమ్మంలోనే ఉంటాడు.

సాఫ్ట్‌వేర్లో కాంపెన్సేషన్ అని ఒక గడి ఉంది, 0.32 అని కొడితే దిశ మారినప్పుడల్లా అంత అదనంగా తిప్పుతుంది అన్నాను. కుంటివాడికి కర్రిస్తే కాలొచ్చినట్టు కాదురా అన్నాడు బావ. లేత్ మీద ఆయన పద్ధతి వేరు. కొలతని దాటి వెనక్కి వెళ్ళి, మళ్ళీ ఎప్పుడూ ఒకే వైపు నుంచి రావడం. చుక్క పెట్టడానికి ఆ పద్ధతి చాలు. సున్నా చుట్టాలంటే దిశ మారక తప్పదు కదా అన్నాను. అందుకే ఖాళీనే చంపాలి అన్నాడు.

నవంబర్ 9

దొంగ సగం నట్టులో లేడు. స్క్రూ చివర బేరింగ్ దగ్గరున్నాడు. స్క్రూ మొత్తం ముందుకీ వెనక్కీ ఊగుతోంది, మేం రెండేళ్ళుగా నట్టుని తిట్టుకుంటున్నాం. బావ రెండో నట్టు వేసి లాక్ చేశాడు. 0.18.

పని చేస్తూ ఒక మాటన్నాడు. అక్క రెండు లైన్లు రాసి పెన్ను పక్కన పెట్టి చేయి విదిలించేదట, ఆ మణికట్టు టక్‌మనే చప్పుడు వినపడక ఇల్లు బావుండటం లేదట. నాకూ ఆ చప్పుడు గుర్తే. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బల్ల మీద చదువుకునేవాళ్ళం. స్పానర్ అందించాను.

నవంబర్ 12

ఇవాళ బావ పనితనం చూశాను. చూడాల్సిందే.

కొత్త నట్టు కోసం తెల్లటి గట్టి ప్లాస్టిక్ దిమ్మ తెచ్చాడు. స్క్రూ కన్నా కాస్త చిన్న రంధ్రం వేశాడు, దిమ్మని నిలువునా రెండు చెక్కలు చేశాడు. మిగిలిపోయిన స్క్రూ ముక్కని నా హాట్ ఎయిర్ గన్‌తో కాల్చి, దాని మీద రెండు చెక్కలూ పెట్టి వైస్‌లో మెల్లగా బిగించాడు. ప్లాస్టిక్ మెత్తబడి మరల్లోకి తనంతట తనే వెళ్ళింది. చల్లారేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. తిప్పి తీస్తే లోపల స్క్రూ మరలు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. ఇక ఖాళీ ఎక్కడుంటుంది. నిలువుకొకటీ అడ్డానికొకటీ ఉన్న రెండు బల్లలకీ రెండు చేశాడు.

ఈ మనిషిని అక్క ఎందుకు చేసుకుందా అని మా అమ్మ చాలాకాలం ఆశ్చర్యపోయింది. ఇవాళ ఉండి ఉంటే చూసేది.

నవంబర్ 13

0.02. బావ నవ్వాడు. నాలుగు నెలల్లో మొదటిసారి.

నవంబర్ 14, మధ్యాహ్నం

సంతోషం ఒక్కరోజు ముచ్చటే. మళ్ళీ ప్లైవుడ్ మీద కొట్టాం. గాటు పైన పోయింది, కింద పోయింది, కుడివైపు పోయింది. ఎడమవైపు మాత్రం ప్రతి సున్నాకీ గాటు అలాగే ఉంది. మూడు సున్నాలకీ. "ద"ల పొట్టలకి కూడా.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ప్లైవుడ్ ముక్క తీసి మూలకి విసిరాను. బావ వెళ్ళి తీసుకొచ్చి, వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు.

నవంబర్ 15

కొత్త నట్టుకి పైపులకి వేసే హోస్ క్లిప్ వేసి బిగించాను. గాటు ఉంది.

నవంబర్ 16

ఇంకా బిగించాను. ఉంది. బావ వద్దంటున్నాడు, ఎక్కువ బిగిస్తే మోటారు తిప్పలేదు అంటున్నాడు. ఆయన లేనప్పుడు ఇంకో అర చుట్టు బిగించాను. కాంపెన్సేషన్ గడిలో కూడా అంకె కొట్టాను. చెప్పలేదు.

ఎందుకింత పంతం అని మా ఆవిడ అడిగింది. ఆస్పత్రిలో అక్క ఉన్న పదకొండు రోజుల్లో నేను వెళ్ళింది మూడుసార్లు. వెళ్ళినప్పుడల్లా ఫోను మోగిందని బయటికొచ్చేశాను. అక్కకి ఈ ఒక్క పనైనా తిన్నగా చేసిపెట్టాలని ఉంది. మా ఆవిడతో అదేం అనలేదు. పంతం కాదు, పని అన్నాను.

నవంబర్ 17

చేతులారా చేశాను.

బావ రాకముందే ఇత్తడి పలక ఎక్కించి మొదలెట్టాను. "నిదా" దాకా బాగానే వచ్చింది. తర్వాత బిగిసిన నట్టుని మోటారు లాగలేక మూలిగింది, స్టెప్పులు తప్పింది, టూలు అక్షరం మీంచి అడ్డంగా పోయి విరిగింది. పలక అంతా ఒకటే గీత. ఉన్నవి రెండు పలకలు. ఇప్పుడు ఒకటి.

బావ తలుపులో నిలబడి చూశాడు. తిడతాడనుకున్నాను. తొందర లేదని ఆవిడ రాసిందే చెక్కుతూ తొందరపడ్డావేంరా అన్నాడు. తిట్టినా బావుండేది.

నవంబర్ 18

కాంపెన్సేషన్ గడిలో కొట్టిన అంకె తీసేశాను. నేను ఏడ్చి బిగించినవన్నీ బావ విప్పి, మళ్ళీ తన పద్ధతిలో సర్ది కొలిచాడు. 0.02. అప్పుడు చెప్పాడు. నాలుగు రోజులుగా ఆయన్ని తొలుస్తున్నది ఇదట. ప్లే, అంటే ఆ ఖాళీ, ఉంటే వెళ్ళేటప్పుడూ ఉంటుంది, వచ్చేటప్పుడూ ఉంటుంది, కుడినీ ఎడమనీ రెండు చోట్లా కొరుకుతుంది. ఒక్క వైపే ఉండే ప్లే నేను పుట్టి చూళ్ళేదురా అన్నాడు. అక్షరాలు పక్కన పెట్టి ఉత్త సున్నా ఒకటి కొట్టి చూడమన్నాడు.

కంప్యూటర్లో వృత్తం గీశాను. అదే మిషను, అదే టూలు, అదే చెక్క. గాజు గ్లాసు బోర్లించి గీసినట్టు వచ్చింది. ఎక్కడా గాటు లేదు.

మిషను తప్పు కాదు అయితే అన్నాడు బావ. టీ తాగుతావా అన్నాను. ఆయన ఇంటికి వెళ్ళిపోయాక కూడా చీటీ ఉన్న కవరు వైపు వెళ్ళలేదు.

నవంబర్ 19, పొద్దున

చూశాను.

సోల్డరింగ్ చేసేటప్పుడు కంటికి పెట్టుకునే భూతద్దం పెట్టుకుని చూశాను. మూడు సున్నాలు. మూడింటికీ ఎడమవైపు, చేయి దిశ మార్చుకునే చోట, గీత ఒక్క క్షణం తిన్నగా నిలబడి, చిన్నగా తొణికి, తర్వాత తిరిగింది. మామూలు కంటికి కనపడదు. ఐదింతలు చేస్తే కనపడింది. మిషను అబద్ధం ఆడలేదు. ఆవిడ చేయి ఎలా తిరిగిందో అలాగే తిరిగింది. మేం పదిహేను రోజులుగా అక్క మణికట్టుని నట్టులో వెతుకుతున్నాం.

రాయాలి. ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇక్కడైనా రాయాలి.

నాకు ఏడేళ్ళు, తనకి పదకొండు. స్టూలెక్కి అటక మీది పెట్టె మీద సుద్దముక్కతో తన పేరు రాస్తోంది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క సుద్దముక్కే. నాకు కావాలన్నాను. ఉండరా, ఈ ఒక్క అక్షరం అయిపోనీ అంది. స్టూలు కాలు పట్టుకుని లాగాను. కుడిచేయి కింద పెట్టి పడింది. మణికట్టు విరిగింది. కట్టు కట్టిన పెద్దమనిషి వంకరగా కట్టాడు. అమ్మ అడిగితే, నా వైపు చూడను కూడా చూడకుండా, జారిపడ్డానమ్మా అంది. అమ్మ ఒళ్ళు తెలియకుండా గెంతుతావని దాన్నే తిట్టింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. చేతిలో సుద్దముక్క ఉంది.

తర్వాత ఎప్పుడూ ఆ మాట మా ఇద్దరి మధ్య రాలేదు. నలభై ఎనిమిదేళ్ళు. ఆ టక్‌మనే చప్పుడుని అలవాటు అనుకున్నాను. అనుకోవడం నాకు హాయిగా ఉంది కాబట్టి అనుకున్నాను.

నవంబర్ 20

ఫైల్లో గాట్లు చెరిపేశాను. కష్టమేం కాదు. ఎడమవైపు గీతని పట్టి ఉంచే మూడు చుక్కలు తీసేస్తే గీత దానంతట అదే గుండ్రంగా తిరుగుతుంది. సున్నాకి ఒక నిమిషం. అన్నీ అయ్యేసరికి గంట పట్టింది. విరగని చేయి ఉంటే అక్క ఇలాగే రాసేది కదా అనుకున్నాను. దానికి ఇది బాకీ ఉన్నాననుకున్నాను.

చెక్క మీద కొట్టాను. ఎంత అందంగా వచ్చిందో.

నవంబర్ 21

బావకి చూపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఎవరు రాశారిది అని అడిగాడు.

అక్కే అన్నాను. కాదు అన్నాడు. షాపు బోర్డులా ఉంది, మీ అక్క రాత కాదిది అన్నాడు. ఎక్కడ తేడానో ఆయన చెప్పలేడు. ముప్పై ఒక్కేళ్ళు ఆ రాతలో సరుకుల చీటీలు చదివిన మనిషి.

అప్పుడు చెప్పేశాను. భూతద్దం ఇచ్చి చీటీ చూపించాను, సున్నాలు చూపించాను, స్టూలు సంగతి చెప్పాను. తలెత్తకుండా చెప్పాను. తలెత్తేసరికి బావ భూతద్దం తీసి బల్ల మీద పెడుతున్నాడు. చలికాలం వస్తే ఆ మణికట్టు పట్టేసేదట. తెల్లారి లేవగానే ఆయనే వేడినీళ్ళ గుడ్డ చుట్టేవాడట. ముప్పై ఒక్కేళ్ళు. ఎవరు చేసినదానికి చుడుతున్నానో నాకు తెలియలేదన్నమాట అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నవంబర్ 22

రాలేదు.

నవంబర్ 24

రాలేదు. ఫోను ఎత్తడం లేదు. మీ ఇద్దరికీ ఏమైంది, మళ్ళీ ఆ నట్టు గురించేనా అని మా ఆవిడ అడిగింది. నట్టు గురించే అన్నాను.

చెరిపిన ఫైలు తీసేశాను. అసలుది ఉంది. ఆయన లేకుండా పలక ముట్టుకోను. ముప్పైకి కాకపోతే మానె.

నవంబర్ 26

షాపు తెరిచేసరికి బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. లోపలికి వచ్చి మిషను మీది దుమ్ము తుడిచాడు, స్క్రూకి నూనె పెట్టాడు. చివరికి మిషను వైపే చూస్తూ చెప్పాడు.

పెళ్ళయిన కొత్తలో చేయి సంగతి అడిగాడట. స్టూలు మీంచి జారానని చెప్పిందట. తర్వాత పదిసార్లు అడిగి ఉంటాడట, పదిసార్లూ అదే చెప్పిందట, ఆస్పత్రిలో కూడా. ఆవిడ చెప్పిన మాట నేను మార్చను, నువ్వూ ఎవరి దగ్గరా మార్చకు అన్నాడు. ఆవిడ జారిపడింది, అంతే అన్నాడు.

క్షమించావా బావా అని అడగలేదు. అది ఆయన చేతిలో ఉన్నది కాదు. ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి లేదు. ఆస్పత్రిలో పదకొండు రోజులు దొరికాయి నాకు. ఫోను మోగిందని బయటికొచ్చాను.

అసలు రాతే పెట్టు అన్నాడు. గాట్లతోనే.

నవంబర్ 28

ఇత్తడి మీద కోశాం. రెండు గంటల నలభై నిమిషాలు. బావ స్పీడు సగానికి తగ్గించమన్నాడు, తగ్గించాను. కాంపెన్సేషన్ గడిలో సున్నా ఉందని మళ్ళీ చూసుకున్నాను.

మూడో సున్నా ఎడమవైపుకి వచ్చేసరికి ఇద్దరం బల్ల మీదికి వంగాం. టూలు తిన్నగా దిగి, చిన్నగా తొణికి, తిరిగింది. బావ తన కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. నేను చూసినట్టు ఆయనకి తెలియదు.

మిషను ఆపాక బావ పలక అంచులు ఆకురాయితో రుద్దుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఇత్తడి పొడి పడిందన్నాడు. నాకూ పడింది.

నవంబర్ 30

పెట్టేశారు. రంగు వాసన ఇంకా పోలేదు. పదిమంది వచ్చారు, చప్పట్లు కొట్టారు. అచ్చం మేడమ్ రాసినట్టే ఉంది సార్, మిషనంటే నమ్మలేం అంది లైబ్రేరియన్ అమ్మాయి. బావ నా భుజం మీద చేయి వేయబోయి, వేయకుండా, గోడకి పలక సరిగ్గా ఉందో లేదో చూశాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడో చెప్పలేదు.

డిసెంబర్ 11

పలక మీద దుమ్ము పట్టింది. తుడుద్దామని స్టూలెక్కాను. లైబ్రేరియన్ అమ్మాయి పరిగెత్తుకొచ్చి స్టూలు కాళ్ళు రెండు చేతులా పట్టుకుంది. జారతారు సార్ అంది. వదిలెయ్యమ్మా అన్నాను. వదల్లేదు.